‘మింట్’ అని రాసే ముందు కార్డు వెనకవైపు చూపించండి

పాత క్రికెట్ కార్డు, పోకెమాన్ కార్డు, నిజాం కాలపు పోస్టుకార్డు, ఏదైనా సరే, ఆన్‌లైన్ వేలానికి పెట్టినప్పుడు వివరణలో తప్పకుండా కనిపించే మాట ‘మింట్ కండిషన్’, అంటే కొత్తదానిలా చెక్కుచెదరలేదని. కొనేవారికి అన్నిటికన్నా తక్కువ పనికివచ్చే మాట కూడా అదే. వరంగల్, కరీంనగర్, నిర్మల్ ప్రాంతాల నుంచి కూడా ఇప్పుడు ఈ వేలాల్లోకి దిగుతున్నవారున్నారు. బీరువా అడుగున దొరికిన బబుల్‌గమ్ కార్డుల కట్టనో, తాతగారి ఉత్తరాల పెట్టెనో అమ్మకానికి పెడుతున్నారు. మంచిదే. కానీ వారు రాసే నాలుగు వాక్యాలు చదివితే, అమ్మేవారి పని ఏమిటన్న దగ్గరే తికమక ఉన్నట్టు తోస్తుంది. కార్డు ఎంత బాగుందో తేల్చుకునేది కొనేవారు. అందుకు కావలసిన సాక్ష్యమంతా వారి ముందు పెట్టడం వరకే అమ్మేవారి బాధ్యత. తీర్పు కూడా తామే ఇవ్వబోయిన చోట మోసమైనా, మోసమన్న అనుమానమైనా మొదలవుతుంది.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనుగోళ్లు చూసినవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. వ్యాపారి బస్తా పైనున్న కాయను చూసి ధర కట్టడు. లోపలిదాకా చేయి పెట్టి గుప్పెడు తీసి, తాలు ఎంత, తేమ ఎంత అని చూసుకున్నాకే నోరు విప్పుతాడు. ఆన్‌లైన్ పాటలో చేయి పెట్టే వీలు లేదు. ముంబైలోనో సింగపూర్‌లోనో ఉన్న మనిషి మీరు చూపినంతే చూస్తాడు, చూపనిదంతా తాలే అనుకుని పాడతాడు.

మాటల్లో కన్నా ఫోటోల్లోనే ఎక్కువ దాగుతుంది, అదీ చాలాసార్లు అమ్మేవారికి తెలియకుండానే. కొందరు కార్డును హన్మకొండలో ఏదో ఒక జిరాక్స్ సెంటర్‌కు తీసుకెళ్లి స్కాన్ చేయించి, పని అయిపోయిందనుకుంటారు. స్కానర్‌లో మంచి గుణం లేకపోలేదు. బొమ్మ చుట్టూ ఉన్న మార్జిన్లను వంకర లేకుండా ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. అయితే దాని వెలుగు కార్డు అంతటా సమానంగా పడుతుంది కాబట్టి సన్నని మడత, గోటి నొక్కు, మెరుపు పూత మీది గీతలు కనిపించకుండా పోతాయి. పైగా పలుచని స్కానర్లలో చాలావాటికి గాజుకు ఆనుకున్నదే స్పష్టంగా కనిపిస్తుంది. గట్టి ప్లాస్టిక్ కవరులో ఉన్న కార్డు మసకబారుతుంది, అరిగిన మూలలకు ఆ మసక భలే ముసుగు.

అందుకే స్కాన్‌తో పాటు పక్క వెలుగులో తీసిన ఫోటో ఉండాలి. కార్డును కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి, వెలుగు దాదాపు కార్డును రాసుకుంటూ వెళ్లేలా చూస్తే ఎంత చిన్న మడతకైనా నీడ పడుతుంది. మెరిసే రేకు పొర ఉన్న హోలో కార్డయితే దాన్ని వెలుగులో అటూ ఇటూ వాల్చుతూ తీసిన చిన్న వీడియో పది ఫోటోలకన్నా ఎక్కువ చెబుతుంది. వెనకవైపు ఫోటో లేని కార్డు మీద నేనైతే పాట పాడను. పోకెమాన్ కార్డుకు వెనక అంచు నీలం రంగు. అది అరిగి లోపలి తెల్ల కాగితం బయటపడడం మొదట అక్కడే తెలుస్తుంది. తెల్ల అంచున్న కార్డును తెల్ల కాగితం మీద పెట్టి తీస్తే మూలలు నేపథ్యంలో కలిసిపోతాయి, నల్లగుడ్డ మీద పెడితే దాగవు. స్లీవ్ (పలుచని ప్లాస్టిక్ తొడుగు) తీసి కూడా ఒక ఫోటో ఇవ్వాలి. లేకపోతే కార్డు మీది గీత స్లీవ్ మీదిదనీ, స్లీవ్ మీది గీత కార్డుదనీ వాదనలు సాగుతాయి.

ఫోను చేసే ఉపకారం మరొకటి. ఇప్పటి ఫోన్లు అడగకుండానే రంగులు పెంచుతాయి, తక్కువ వెలుగులో గరుకును నునుపు చేస్తాయి. మనిషి ముఖానికి అది ముచ్చటే. పాత పోస్టుకార్డు మీది పసుపును, పురుగు కొరికిన జాడను కూడా అలాగే తుడిచేస్తే, ఫిల్టరు వాడలేదని అమ్మేవారు ఎంత ప్రమాణం చేసినా కొనేవారి చేతికి వచ్చేది ఫోటోలోని కార్డు కాదు. పక్కన ఒక తెల్ల కాగితం ముక్క పెట్టి తీస్తే రంగు ఎంత మారిందో చూసేవారే పోల్చుకుంటారు.

ఇక వివరణ. నాకు ఒళ్లు మండేది ‘ఫోటోలు చూసుకుని పాడండి, తర్వాత మాది బాధ్యత కాదు’ అన్న వాక్యానికి. పైకి ముక్కుసూటిగా అనిపిస్తుంది. తనకు తెలిసిన లోపాన్ని వెతుక్కునే బరువును ఎదుటివారి మీదికి నెట్టడమే దాని పని. వేలు ఆనిస్తే తగిలే నొక్కు కార్డు చేతిలో ఉన్నవారికే తెలుస్తుంది. ‘సెంటరింగ్ బాగుంది’ (బొమ్మ సరిగ్గా మధ్యలో ఉంది) అనే బదులు ఎడమ మార్జిన్ 2 మిల్లీమీటర్లు, కుడి మార్జిన్ 3 మిల్లీమీటర్లు అని రాస్తే చాలు, అది 40/60 అని సేకరణకర్తలు లెక్క కట్టుకుంటారు. పోకెమాన్ కార్డు కొలత సుమారు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల ఎత్తు. మీ కార్డు అంతకన్నా తక్కువ ఉంటే, కారణం తెలియకపోయినా ఆ కొలత రాయండి. మంచి వివరణ ఇలా ఉంటుంది: ‘పై కుడి మూల కొద్దిగా మొద్దుబారింది. వెనక కింది అంచున రెండు చోట్ల తెలుపు కనిపిస్తోంది. బొమ్మ మీద సన్న గీత ఉంది, మూడో ఫోటో చూడండి. వానాకాలంలో కొద్దిగా వంగింది. గ్రేడింగ్‌కు పంపలేదు.’ (గ్రేడింగ్ అంటే ఒక సంస్థ కార్డును పరీక్షించి దాని స్థితికి అంకె వేయడం.) హోలో కార్డులో కాగితం తేమ పీలుస్తుంది, రేకు పొర పీల్చదు. అందుకే ఆ వంపు. అది తెలిసిన సేకరణకర్త దాన్ని చూసి పారిపోడు. చెప్పకుండా పంపితేనే గొడవ.

పోస్టుకార్డులకు ఈ లెక్క కొంచెం మారుతుంది. నిజాం రాజ్యానికి 1950 దాకా సొంత తపాలా ఉండేది. ఆ కార్డుల వెనక రాత ఉండడం కొందరికి లోపం, కొందరికి అసలు విలువే అది, తపాలా ముద్రలో తేదీ చదవగలిగితే మరీనూ. కాబట్టి రెండు వైపులా చూపాలి. ఇప్పటికీ ఎవరో ఉంటున్న చిరునామా అయితే ఫోటోలో దాన్ని కప్పేయడం మర్యాద.

గ్రేడింగ్ సంస్థ అంకె వేసి ఇచ్చాక ఇదంతా ఎందుకని అడిగేవారికి జవాబు అమెరికాలో ఉంది. 1909-11 నాటి టీ206 వరుసలోని ఒక హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డుకు 1991లో పీఎస్‌ఏ సంస్థ 10కి 8 ఇచ్చింది. ఆ సంస్థ గ్రేడు వేసిన మొట్టమొదటి కార్డే అది. దాని అంచులు తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో నేరం అంగీకరిస్తూ ఒప్పుకున్నాడు. అరిగిన అంచు పోయి పదునైన అంచు వచ్చాక, భద్రంగా దాచిన కార్డుకూ దానికీ తేడా తెలియలేదు. గ్రేడు కూడా ఒక అభిప్రాయమే. గ్రేడు వేసి ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఇచ్చిన కార్డుకైనా ఫోటోలు, కొలతలు ఇవ్వడంలో నామోషీ లేదు.

నిజం రాస్తే ధర పడిపోతుందన్నది అమ్మేవారి అసలు భయం. ఒక్కో కార్డు విషయంలో అది నిజం కావచ్చు కూడా. అయితే లెక్క చూసుకోవలసింది మీ ఖాతా నుంచి వెళ్లే సరుకు మొత్తానికి. మంచిదేదో చెడ్డదేదో తెలియనప్పుడు కొనేవారు సగటు ధరే ఇస్తారనీ, దానితో మంచి సరుకున్నవారు తప్పుకుని నాసిరకమే మిగులుతుందనీ ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకుని చూపించాడు. 1982లో పాల్ మిల్‌గ్రమ్, రాబర్ట్ వెబర్ దాన్ని వేలం పాట దాకా తెచ్చారు. తమకు తెలిసినదంతా ప్రతిసారీ బయటపెట్టే అమ్మకందారుకు, కొన్ని షరతుల మీద, సగటున ఎక్కువ రాబడి వస్తుందని వారి సిద్ధాంతం. ‘మరీ ఎక్కువకు పాడేశానేమో’ అన్న జంకు తగ్గితే పాట పైకి పోతుంది. అనుకూలమైనప్పుడు చెప్పి, కానప్పుడు దాచేవారికి మాత్రం ఈ సిద్ధాంతం ఏ హామీ ఇవ్వదు.

మన దగ్గర మరో చిక్కు ఉంది. ఈబే భారతీయ వెబ్‌సైటు 2018 ఆగస్టులో మూతపడింది. ఇక్కడి సేకరణకర్తల పాటలు చాలావరకు వాట్సాప్, టెలిగ్రామ్, ఫేస్‌బుక్ గ్రూపుల్లోనే నడుస్తున్నాయి. యూపీఐలో డబ్బు వెళ్లిపోయాక మధ్యలో నిలబడి అడిగే సంస్థ ఉండదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, ప్రకటన వస్తువు అసలు లక్షణాలకు సరిపోవాలని అమ్మకందారులను ఆదేశిస్తున్నాయి. కానీ వ్యాపారంగా కాకుండా ఎప్పుడో ఒకసారి సొంత వస్తువు అమ్ముకునే వ్యక్తికి అవి వర్తించవు. అందువల్ల ఇక్కడ బాధ్యత గ్రూపు అడ్మిన్ల మీద పడుతుంది. వెనకవైపు ఫోటో, పక్క వెలుగు ఫోటో లేని లాటును పాటకు పెట్టనివ్వమని వారు ఒక్క నిబంధన పెడితే తగాదాలు చాలా తగ్గుతాయి.

ఉత్తర తెలంగాణ వారికి విడిగా చెప్పవలసింది గంజీఫా గురించి. ఇవి నిర్మల్ నకాషీ కళాకారులు ఒకప్పుడు చేత్తో చిత్రించిన గుండ్రని పేకముక్కలు. మొఘల్ పద్ధతి కట్టలో 96, దశావతార కట్టలో 120 ముక్కలుంటాయి. అలాంటి కట్ట ఇంట్లో దొరికితే ముక్కలు లెక్కపెట్టి, లేనివి ఏవో రాయాలి. పూత ఎక్కడ లేచిందో, తర్వాత ఎవరైనా రంగు దిద్దారో చూపాలి. తడిగుడ్డతో తుడవకూడదు. అన్నిటికన్నా తొందరపాటు కనిపించేది వయసు విషయంలో. ‘వందేళ్ల నాటిది’ అని ఊరికే రాసేస్తారు. 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం ప్రకారం వందేళ్లకు తక్కువ కాని ఇలాంటి చేతిపని పురావస్తువు అవుతుంది. ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు పంపకూడదు, దానితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. ధర పెంచుదామని రాసిన ఆ మాట నిజమైతే విదేశీ పాటదారుకు పార్సిల్ కట్టలేరు, అబద్ధమైతే కొనేవారిని మోసగించినట్టు. ఆధారం ఉంటే ఆ ఆధారాన్నే ఫోటో తీసి పెట్టాలి: కట్టతో వచ్చిన పెట్టె, దాని మీది రాత. లేకపోతే ‘వయసు తెలియదు, నిర్మల్ పనిలా కనిపిస్తోంది’ అని రాసి, పాటకు పెట్టే ముందే భారత పురావస్తు సర్వే అధికారులకు చూపించాలి. పురావస్తువు కాదని వారు ధ్రువపత్రం ఇస్తే దాని ఫోటోను కూడా లాటులో చేర్చవచ్చు.