బ్రోకలీ జేబులో చాక్లెట్

ఫ్యాన్సీ డ్రెస్ షాపాయన ఇందాకే నా ఐదొందల డిపాజిట్‌లో రెండొందలు కోసేసుకున్నాడు. బ్రోకలీ వేషం జేబులో చాక్లెట్ కరిగి అంటుకుపోయిందట. "గ్రీన్ మీద బ్రౌన్ మరక పోదు మేడమ్" అని గోటితో గీకి మరీ చూపించాడు. పక్కనే క్యాబేజీ తిరిగిచ్చేస్తున్న ఇంకో తల్లి నా వైపు జాలిగా చూసింది. ఆవిడ క్యాబేజీకి జేబుల్లేవు. పెట్టి పుట్టింది.

జరిగింది ఇది. మావాడి స్కూల్లో ఈ వారమంతా 'హెల్దీ ఈటింగ్ వీక్'. వాడు యూకేజీ, అయిదేళ్లు. మంగళవారం రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది. గురువారం ఎనిమిదికల్లా పిల్లలంతా వేషాలతో రావాలట, మావాడు బ్రోకలీ అట. అడిగేది లేదు, చెప్పేది లేదు. మా ఇంట్లో మూడు తరాల్లో ఎవరూ బ్రోకలీ తిన్న దాఖలా లేదు. మావాడికి తెలిసినవి బెండకాయ, దొండకాయ, బీరకాయ, గోరుచిక్కుడు, పొట్లకాయ. పొట్లకాయ వేషం వేసుంటే ఎంత బావుండేది చెప్పండి, పొడుగ్గా, తెల్ల చారలతో! పాము కూర అని చెప్పి తినిపిస్తాను నేను. అదంటే ప్రాణం వాడికి.

ఉండబట్టలేక టీచర్‌కి ఫోన్ చేశాను. "మేడమ్, మావాడిని దొండకాయ చేయొచ్చా?" అని. అవతల రెండు సెకన్లు చప్పుడు లేదు. "దొండకాయ చార్ట్‌లో లేదు మేడమ్" అంది. చార్ట్‌లో ఏమున్నాయంటే ఆపిల్, కివీ, అవకాడో, బ్రోకలీ లాంటివి. ఆ చార్ట్ ఏ దేశంలో అచ్చయిందో గానీ హైదరాబాద్ రైతుబజార్ మొహం మాత్రం చూసినట్టు లేదు.

సరే, నాలుగొందలు అద్దె, ఐదొందలు డిపాజిట్. తలకాయ మీద పచ్చటి స్పాంజి గుబురు. పైగా డైలాగ్: "ఐ యామ్ బ్రోకలీ, ఐ మేక్ యువర్ బోన్స్ స్ట్రాంగ్." ఒకటిన్నర రోజు బట్టీ పట్టించాను. వాడు ప్రతిసారీ "బన్స్ స్ట్రాంగ్" అంటాడు. స్టేజి మీదా అదే అన్నాడు. ఇప్పుడనిపిస్తోంది, ఆ స్కూల్లో నిజం చెప్పింది వాడొక్కడే అని. ఎందుకంటే అయిపోయాక పార్టిసిపేషన్ ప్రైజ్ కింద అందరికీ తలా ఒక చాక్లెట్, ఒక చిప్స్ ప్యాకెట్ పంచారు. బ్రోకలీకి, క్యారెట్‌కి, అవకాడోకి, అందరికీ. కూరగాయలన్నీ వరుసలో నిలబడి చాక్లెట్ తీసుకుంటున్న ఫోటో గ్రూపులో పెట్టారు కూడా. కింద నలభై చప్పట్ల బొమ్మలు. నేనూ కొట్టాను. సిగ్గు లేదు నాకు.

అవునూ, ఎముకలకు బలం కావాలంటే బ్రోకలీ ఎందుకమ్మా? 100 గ్రాముల రాగుల్లో ఇంచుమించు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బ్రోకలీలో అందులో పావు వంతు కూడా ఉండదు. ఇది చెప్పడానికి అమెరికా నుంచి ఎవరూ దిగక్కర్లేదు, జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. 2023ని ఐక్యరాజ్యసమితి చేత చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటింపజేసింది మన దేశమే. ఆ ఏడాది ఇదే స్కూల్లో పెద్ద క్లాసుల పిల్లలు 'మిల్లెట్ మిల్లెట్' అని డాన్స్ చేశారు. ఈ ఏడాది బ్రోకలీ. వచ్చే ఏడాది చియా గింజల వేషం వేయమంటారేమో. అద్దె తక్కువుంటుందిలెండి.

దీన్నంతా నవ్వి వదిలేసేదాన్నే, బుధవారం సంగతి లేకపోతే.

బుధవారం బాక్సులో గోంగూర పప్పు అన్నం పెట్టాను. మావాడు మూడేళ్లప్పటి నుంచీ లొట్టలేసుకుంటూ తినే కూడు అది. పప్పు కాస్త ఎక్కువ వేసి, పులుపు తగ్గించి, ముద్దగా కలిపి, నెయ్యి వేసి పెట్టాను. సాయంత్రం బాక్సు అలాగే వచ్చింది. మూత తీస్తే నెయ్యి అంచుల వెంట తెల్లగా గడ్డకట్టి ఉంది. మధ్యలో ఒక్కచోట మాత్రం చిన్న గుంట. ఒక్క ముద్ద తీసుకున్నాడన్నమాట. ఒకటే ఒకటి. డైరీలో ఎర్ర పెన్నుతో "డియర్ మదర్, ప్లీజ్ సెండ్ డ్రై అండ్ నాన్-స్మెల్లీ ఫుడ్" అని ఉంది.

స్మెల్లీ! గోంగూర!

ఏం జరిగింది నాన్నా అంటే చెప్పడు. స్నానం చేయిస్తుంటే నెమ్మదిగా చెప్పాడు. పక్కనున్న పిల్ల ముక్కు మూసుకుందట, అందరూ నవ్వారట, ఆయమ్మ వచ్చి మూత పెట్టేసిందట. ఆ తర్వాత వాడన్న మాట నాకింకా లోపల గుచ్చుకుంటూనే ఉంది. "అమ్మా, రేపటి నుంచి తెల్ల ఫుడ్ పెట్టు." తెల్ల ఫుడ్ అంటే బ్రెడ్డు. పాస్తా. అయిదేళ్లు కష్టపడి ఒక పిల్లాడికి గోంగూర ఇష్టమయ్యేలా చేశాను. దాన్ని వాళ్లు ఒక్క లంచ్ బ్రేక్‌లో పోగొట్టేశారు. అదీ హెల్దీ ఈటింగ్ వీక్‌లో.

ఆ స్కూల్ కారిడార్లో 'షుగర్ బోర్డు' ఉంది, తెలుసా? 2025లో సీబీఎస్‌ఈ తన స్కూళ్లన్నిటికీ చెప్పింది, ఏ కూల్ డ్రింకులో ఎంత చక్కెర ఉందో రాసి గోడకు తగిలించమని. 4 నుంచి 10 ఏళ్ల పిల్లలు తినే కేలరీల్లో 13 శాతం చక్కెర నుంచే వస్తోందని, 5 శాతం దాటకూడదని ఆ సర్క్యులర్‌లోనే ఉంది. మావాళ్లు శ్రద్ధగా తగిలించారు, రంగురంగుల చెంచాల బొమ్మలతో చాలా బావుంది. ఎంత బావుందంటే, పుట్టినరోజు కేకులన్నీ దాని ముందే కట్ చేయిస్తారు. బ్యాక్‌గ్రౌండ్ బాగా వస్తుందట.

ఇక గేటు బయట కొట్టు. స్కూలుకి 50 మీటర్ల లోపల జంక్ అమ్మకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే రూలు పెట్టింది. నేను అడుగులు లెక్కపెట్టాను, పద్దెనిమిది. మావాడి అడుగులైతే ముప్పై ఉంటాయేమో. రూలు చిరుతకి రాశారేమో, ఒక్క గెంతుకి యాభై మీటర్లు.

మొన్న వేసవిలో గుంటూరు దగ్గర మా అమ్మ వాళ్ల ఊరెళ్తే అంగన్‌వాడీకి తీసుకెళ్లాను వీణ్ని, ఊరికే చూపిద్దామని. పదిహేను మంది పిల్లలు చాపల మీద వరుసగా కూర్చున్నారు. అన్నం, ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్డు. స్పీచ్ లేదు, వేషం లేదు, చార్ట్ ఉంది గానీ దాని మీద ఎండ పడి రంగు పోయింది. మావాడూ ఒక పళ్లెం లాక్కుని కూర్చుని, ఎవరూ బతిమాలకుండానే, గుడ్డులో పచ్చసొన ముందు తినేసి తెల్లది చివరికి దాచుకున్నాడు, పక్కవాడు అలాగే తింటున్నాడని. పిల్లలు తిండి నేర్చుకునేది అలా, పక్కవాడి పళ్లెం చూసి. మనం ఏడాదికి లక్షకు పైగా ఫీజు కట్టి ముక్కు మూసుకోవడం నేర్పిస్తున్నాం.

(నాకు తెలుసు, ఇప్పుడొకరు వస్తారు, 'మీరు ఫోన్ చూపించకుండానే తినిపిస్తున్నారా' అని. చూపిస్తాను. రాత్రిపూట చూపిస్తాను. ఎనిమిదింటికి ఆఫీసు నుంచి వచ్చి చందమామని చూపిస్తూ గోరుముద్దలు పెట్టే ఓపిక నాకు లేదు, మా అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి చందమామ కనపడడు కూడా. ముందుకెళ్దాం.)

అసలు నాకు ఎక్కడ మండుతుందంటే ఆ "డియర్ మదర్" దగ్గర. డియర్ ఫాదర్ అని ఒక్కసారైనా రాశారా? అన్నం వాసనొస్తే మదర్. బరువు తగ్గితే మదర్. పళ్లు పుచ్చితే మదర్. ఆ పళ్లు పుచ్చబెట్టిన చాక్లెట్లు జేబులో వేసుకొచ్చేదేమో ఫాదర్, ఫాదర్ గారి అక్కగారు.

ఇంక చెప్పేస్తాను, మా వదిన ఎలాగూ ఈ అకౌంట్ చూడరు. అప్పుడు మావాడికి ఎనిమిదో నెల. ఉగ్గు మానిపించి మెత్తటి పప్పన్నం మొదలుపెట్టాను. ఉప్పు కూడా వేయకుండా, చక్కెర అసలు తగలకుండా, పాలు తప్ప తీపంటే ఏంటో తెలియకుండా పెంచుతున్నాను. ఒక పెళ్లికి వెళ్లాం. నేను చీర సర్దుకోడానికి అయిదు నిమిషాలు లోపలికి వెళ్లొచ్చేసరికి, వదిన ఒళ్లో కూర్చుని మావాడు నల్లటి కూల్ డ్రింక్ చప్పరిస్తున్నాడు. స్ట్రాతో చుక్కలు చుక్కలుగా నాలుక మీద వేస్తున్నారు ఆవిడ. చుట్టూ పదిమంది చేరి, మొహం ఎలా పెడుతున్నాడో చూడండర్రా అని నవ్వుతున్నారు. "వదినా!" అంటే, "ఒక్క చుక్కే కదమ్మా, నీదంతా పుస్తకాల చాదస్తం" అన్నారు. ఈయనేమో వీడియో తీస్తున్నారు. ఆ వీడియో ఇప్పటికీ ఫ్యామిలీ గ్రూపులో పుట్టినరోజు పుట్టినరోజుకీ తిరుగుతుంది.

అదే వదిన ప్రతి పండక్కీ మావాడి చెయ్యి పట్టుకుని, వేళ్లతో మణికట్టు కొలిచి, "ఏమ్మా, పిల్లాడికేం పెట్టట్లేదా, పుల్లలా ఉన్నాడు" అంటారు. పెడుతున్నాను వదినా. గోంగూర పెడుతున్నాను. స్మెల్లీ అంటున్నారు.

ఆదివారం వస్తున్నారట. ఇందాక వీడియో కాల్‌లో మావాణ్ని అడిగారు, "ఏం తెమ్మంటావురా బంగారం?" అని. వాడు ఒక్క క్షణం ఆలోచించి, "బ్రోకలీ" అన్నాడు.

"అదేం చాక్లెట్‌రా," అన్నారు ఆవిడ, "కొత్తగా వచ్చిందా?"