ల్యాప్‌టాప్ ఫ్యాన్లు ఇంట్లోనే మార్చేసుకుంటున్నారంట, ప్రభుత్వం నిద్రపోతోందా?

చాలా బాధ్యతతో రాస్తున్నానండి, తేలిగ్గా తీసుకోకండి. మన విశాఖపట్నంలో కొంతమంది, చదువుకున్నవాళ్ళే, మంచి కుటుంబాల వాళ్ళే, ఆదివారం పూట తలుపులేసుకుని సొంత ల్యాప్‌టాప్ వెనక మూత విప్పి, గోల చేస్తున్న పాత ఫ్యాన్లు పీకేసి కొత్తవి పెట్టేసుకుంటున్నారు. ఎవరి పర్మిషనూ లేదు, ఏ సర్టిఫికెట్టూ లేదు. పైగా అది పనిచేస్తోందంట కూడా.

మనకంటూ ఒక పద్ధతి ఉంది కదా. కొన్న నాలుగైదేళ్ళకి లోపల్నుంచి గర్ర్‌మని మొదలవుతుంది, మొదట్లో పట్టించుకోం, తర్వాత వీపు మీద రెండు తడతాం, తర్వాత కింద ఏదో పాత గైడు పెట్టి ఎత్తు చేస్తాం, తర్వాత హైదరాబాద్‌లో జాబ్ చేసే మేనల్లుడు పండక్కి వచ్చినప్పుడు చూపిస్తాం, వాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "దీనికింక లైఫ్ లేదు మావయ్యా, కొత్తది తీసేసుకో" అంటాడు, మనం ఈఎమ్ఐలో కొత్తది తీసేసుకుంటాం, పాతది బీరువా మీద దుప్పట్ల మధ్యకి పోతుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అలాంటిది ఎవడో ఆ ఈఎమ్ఐలో ఒక నెల వాయిదా కంటే తక్కువ డబ్బుకి ఫ్యాన్లు తెప్పించుకుని అదే ల్యాప్‌టాప్‌ని ఇంకో మూడేళ్ళు వాడతానంటే, జీరో డౌన్ పేమెంట్ అని రోజూ మనకి ఫోన్ చేసే ఆ అమ్మాయి ఏమైపోవాలి?

అసలు ఆ సౌండ్ వల్ల ఇళ్ళకి జరిగే మేలు గురించి ఒక్కళ్ళూ మాట్లాడరు. మధురవాడ వైపు ఇంటి నుంచే పనిచేసుకునే ఐటీ కుర్రాళ్ళ ఇళ్ళలో చూడండి. గదిలోంచి హోరు వస్తోందంటే అబ్బాయి కష్టపడుతున్నాడని హాల్లో అమ్మకి అర్థమవుతుంది, టీ వెళ్తుంది, వెనకాలే పకోడీలు కూడా వెళ్తాయి. హోరు ఎంత పెద్దదైతే ఉద్యోగం అంత పెద్దది. మా బ్లాక్‌లోనే ఫ్యాన్లు మార్చిన ఒకింట్లో రెండో రోజుకే వాళ్ళమ్మ తలుపు తోసుకొచ్చి "ఏట్రా, సప్పుడే లేదు, ఉజ్జోగం గానీ తీసేశారేటి?" అని అడిగేసింది. లేదమ్మా ఫ్యాన్ మార్చానంటే నమ్మలేదు, నెలాఖరుకి జీతం పడిందాకా మాట్లాడుకుంటున్న సంబంధం కూడా ఆపించింది. ఇక మీటింగ్‌లో బాస్ ఇరకాటం ప్రశ్న వేసినప్పుడు "సార్, ఇక్కడ ఫ్యాన్ సౌండ్, మీ వాయిస్ బ్రేక్ అవుతోంది" అనే హక్కు, అది మనకి రాజ్యాంగం ఇచ్చిందా లేదా అన్నది పక్కనపెట్టండి, దీంతో అది కూడా పోయినట్టే.

ఇంకా ప్రమాదం ఏంటంటే ఆ సౌండ్ ఎందుకొస్తుందో కూడా వీళ్ళు తెలుసుకుంటున్నారు. చాలా ల్యాప్‌టాప్ ఫ్యాన్లలో ఉండేది స్లీవ్ బేరింగే, అంటే ఇరుసుని పట్టుకునుండే చిన్న గొట్టం, అందులో ఉండే కాస్త నూనె ఏళ్ళ తరబడి వేడికి ఎండిపోయి, దుమ్ము చేరి, ఇరుసు తిరిగే చోటు అరిగిపోయి, ఫ్యాన్ తిన్నగా తిరగకుండా ఊగుతుంది, ఆ ఊగుడే మనకి వినపడే గరగర. ఇంకోపక్క గాలి బయటికి పోయే సన్నటి రేకుల మధ్య దుమ్ము అట్టకట్టేస్తుంది, వేడి లోపలే ఉండిపోతుంది, వేడి పెరిగేకొద్దీ ఫ్యాన్ ఇంకా జోరు పెంచుతుంది, స్పీడు రెట్టింపైతే సౌండు దగ్గరదగ్గర 15 డెసిబెల్స్ ఎక్కువవుతుంది. మన ఊళ్ళో అయితే ఉప్పుగాలి ఒకటి, పోర్టు వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము ఒకటి, మే నెల ఉక్క ఒకటి. ఫ్యాన్ పీల్చేది మన గదిలో గాలినే కదా, గది 35 డిగ్రీలుంటే అంతకంటే చల్లగాలి అది ఎక్కణ్ణుంచి తెస్తుంది? 100 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి చాలా ప్రాసెసర్లు వాటంతట అవే స్లో అయిపోతాయి, అప్పుడు ఎక్సెల్ షీటు తెరుచుకునేలోపు మనం కిందకెళ్ళి టీ తాగి, పక్కింటివాళ్ళ సంగతులు రెండు మాట్లాడుకుని రావచ్చు. ఇంత చక్కటి ఏర్పాటుని బాగుచేస్తానంటున్నారండి.

మా పక్క ఫ్లాట్‌లో ఒక గుంటడున్నాడు, డిగ్రీ సెకండియర్. వాళ్ళ నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యారు, బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి గాలి కొట్టే బ్లోయర్ల దగ్గర సర్వీసంతా చేసిన మనిషి, ఆయన కూడా కొడుకు స్క్రూడ్రైవర్ తియ్యగానే "వద్దురా, షాక్ కొడద్ది" అన్నారు. సంస్కారం అంటే అదీ. గుంటడు వినలేదు. బాధ్యత గల పౌరుడిగా నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, రేపు సాక్ష్యం కావాల్సొస్తే ఉంటుందని.

ముందు షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేశాడు. మూత స్క్రూలు విప్పుతూ, కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడ సెల్లోటేపుతో అంటించాడు. ఎందుకురా ఇంత అంటే "పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే అవతల పక్క ప్లాస్టిక్ ఉబ్బిపోద్ది అంకుల్" అన్నాడు. ఈ వయసులో ఇంత జాగ్రత్త మంచిది కాదు. పనికిరాని ఏటీఎం కార్డు ఒకటి అంచులోకి దూర్చి టక్కుటక్కుమని మూత లేపేశాడు, లేపగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాడు. ఇంక షాక్ ఎక్కణ్ణుంచి కొడుతుంది, నాన్నగారి మాటకి విలువేముంది?

లోపల ఫ్యాన్లు రెండున్నాయి, ఎడమదీ కుడిదీ ఒకటి కాదంట, ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. అందుకే ముందొకసారి విప్పి స్టిక్కర్ల మీద పార్ట్ నంబర్లు ఫోటో తీసుకుని సరిగ్గా అవే తెప్పించాడు. నంబర్‌తో పాటు వోల్టేజీ కూడా చూడాలంట, చాలావరకు 5 వోల్టులవి, కొన్ని 12, 12 ఇచ్చే చోట 5 వోల్టుల ఫ్యాన్ పెడితే కాలిపోద్ది. ఒక్కోదానికి నాలుగు వైర్లు. ఒకటి కరెంటు, ఒకటి గ్రౌండు, ఒకదాంట్లో ఎంత స్పీడు తిరగాలో ఆర్డరు వెళ్తుంది, ఇంకోదాంట్లో ఎంత తిరుగుతున్నదో రిపోర్టు వస్తుంది. ఆర్డరు వెయ్యగానే రిపోర్టు వచ్చే డిపార్ట్‌మెంట్ ఒకటి ఈ దేశంలో ఉందని నాకు అప్పుడే తెలిసింది, కాసేపు మాట రాలేదు.

చాలా మోడల్స్‌లో ఫ్యాన్ ఒక్కటే ఊడొచ్చేస్తుందంట, వీళ్ళ దాంట్లో మాత్రం రాగి గొట్టాలు అడ్డం ఉండటంతో ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ కూడా ఎత్తాల్సొచ్చింది. దాని కింద ప్రాసెసర్ మీద పాత థర్మల్ పేస్ట్, అంటే ఆ వేడిని హీట్‌సింక్‌కి అందించే ముద్ద, ఎండిపోయి పొలుసులు లేస్తోంది. మన సింహాద్రి అప్పన్న చందనం ఒలిచి నిజరూప దర్శనం ఇచ్చేది ఏడాదికి ఒక్క అక్షయ తృతీయ నాడు, దానికి ఎన్ని క్యూలు, ఎంత బందోబస్తు, పాసుల కోసం ఎన్ని పైరవీలు. ఈ గుంటడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి తుడిచి రెండు నిమిషాల్లో ప్రాసెసర్ నిజరూపం చూపించేశాడు, ఏ ఎమ్మెల్యే లెటరూ లేకుండా నేను చూసేశాను. తర్వాత బియ్యపుగింజంత కొత్త పేస్టు పెట్టి, హీట్‌సింక్ మీద అచ్చేసున్న 1, 2, 3, 4 నంబర్ల వరసలోనే కొంచెం కొంచెంగా బిగించాడు. ఆన్ చేశాడు. ఏమీ వినపడలేదు. అంటే ఏమీ వినపడకపోవడమే కావాల్సిందంట.

ఇక్కడ ఒకటి చెప్పాలి, ఊళ్ళో రిపేరు షాపుల్లో చక్కగా ఫ్యాన్ మార్చి న్యాయంగా డబ్బులు తీసుకునే కుర్రాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళకి పని తక్కువేం కాదు. నా బాధంతా ఆ రెండో రకం వాళ్ళ గురించి. ల్యాప్‌టాప్ తెరవక్కర్లేదు, పైన చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని "మదర్‌బోర్డు పోయింది సార్" అంటారు. ఎన్నేళ్ళు తపస్సు చేస్తే వస్తుందండి ఆ దృష్టి? జనం మూతలు విప్పి లోపల చూసుకోవడం మొదలుపెడితే ఈ విద్య అంతరించిపోదా?

మరి ప్రభుత్వం ఏం చేస్తోంది అంటారా, నిద్రపోయినా బాగుండేది. 2022 డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం అని చెప్పి, కేంద్రం రైట్ టు రిపేర్, అంటే రిపేరు చేసుకునే హక్కు, పేరుతో పోర్టల్ తెరిచింది, కంపెనీల రిపేరు సమాచారం, విడిభాగాల వివరాలు జనానికి ఒక్కచోట దొరకాలంట. 2023 ఏప్రిల్ 1 నుంచి పారేసిన ఎలక్ట్రానిక్ సామాన్ల మీద కొత్త ఈ-వేస్ట్ రూల్స్ కూడా వచ్చాయి. ఇలా పైనుంచే రెచ్చగొడుతుంటే కిందోడు స్క్రూడ్రైవర్ పట్టుకోక ఏం చేస్తాడు?

మన ఊరు మాత్రం తక్కువ తిందా. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ పెట్టారు, 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసింది. రోడ్డుకి ఇటుపక్క టీయూ-142 విమానం, 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్ళు ఎగిరింది, నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. అన్నేళ్ళూ వాటికి ఏమీ విప్పకుండా, ఏమీ మార్చకుండానే ఎగిరిందా? ఎవరో ఒకళ్ళు కూర్చుని విప్పారు, అరిగింది తీశారు, కొత్తది వేశారు. దాన్ని మనం టికెట్ కొని మరీ పిల్లలకి చూపిస్తున్నాం, పిల్లాడు ఇంటికొచ్చి అయిదేళ్ళ ల్యాప్‌టాప్ ఎందుకు పారెయ్యాలి నాన్నా అంటే ఏం చెప్తాం? 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి జల ఉష ఓడని నీళ్ళలోకి దింపింది ఈ ఊళ్ళోనే. ఓడలు కట్టిన ఊరు, ఇవాళ బియ్యపుగింజంత స్టార్ స్క్రూ చూస్తే చెమటలు పట్టే స్థాయికి చేరడానికి డెబ్భై ఏళ్ళ పైన పట్టింది. అంత కష్టపడి సంపాదించుకున్న భయమండి అది.

కాబట్టి నేను కోరేది పెద్దదేం కాదు. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్లు ఆధార్ లేకుండా అమ్మకూడదు. థర్మల్ పేస్ట్ ట్యూబు మీద సిగరెట్ పెట్టె మీద వేసినట్టు బొమ్మ వెయ్యాలి, నిశ్శబ్దంగా ఉన్న ల్యాప్‌టాప్ ముందు ఏడుస్తున్న సేల్స్‌మ్యాన్‌ది అయితే బాగుంటుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు ఈలోపు తమ వంతుగా నిఘా పెట్టాలి, ఎందుకంటే ఇది ల్యాప్‌టాప్‌తో ఆగట్లేదు. మొన్న లిఫ్ట్‌లో ఆ గుంటడు కలిసి "అంకుల్, మీ మిక్సీ సౌండ్ మాకు వినపడుతోంది, కింద బుష్ అరిగినట్టుంది, ఆదివారం వచ్చి చూడనా" అన్నాడు. నేను ఆ సాయంత్రమే సెక్రటరీ గారికి లెటర్ ఇచ్చాను. మిక్సీని బీరువాలో పెట్టి తాళం వేశాం, పచ్చడి రోట్లోనే నూరుకుంటున్నాం, మా ఆవిడ మాత్రం ఆదివారం ఎప్పుడొస్తుందా అని క్యాలెండర్ వైపు చూస్తోంది.