పావు తక్కువ నాలుగు గంటలు ఎవరి లెక్క?

హైదరాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరమని అడిగితే ఎవరూ కిలోమీటర్లలో చెప్పరు, గంటల్లోనే చెబుతారు. అమ్మకు టిక్కెట్ తీసిన ఏజెంటు కూడా అంతే. "ఎంతమ్మా, ఇలా ఎక్కితే అలా దిగుతారు" అన్నాడు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అమ్మకు షుగర్. అన్నయ్య దగ్గరికి ఒంటరిగా వెళ్లడం అదే మొదలు. రాత్రి 10 గంటలకు బయలుదేరి 12.15కు దిగుతుందని టిక్కెట్ మీద ఉంది. రెండుంపావు గంటలే కదా, అన్నయ్య ఇంట్లోనే తినొచ్చని సాయంత్రం ఆరింటికి మాత్ర వేసుకుని, నాలుగు ముద్దలు తిని బయలుదేరింది. ఆ 10 మన గడియారం, ఆ 12.15 అక్కడి గడియారం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అంటే విమానంలోనే పావు తక్కువ నాలుగు గంటలు. ఈ సంగతి ఆమెకు ఏజెంటు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పాస్‌పోర్ట్ వరుస, సామాన్ల వరుస దాటి బయటికి వచ్చేసరికి అమ్మ చేతులు వణుకుతున్నాయని అన్నయ్య ఫోన్ చేశాడు. అప్పటికి మనకు తెల్లవారుజామున మూడు.

నేరుగా గీత గీసి కొలిస్తే రెండు నగరాల మధ్య సుమారు 2,550 కిలోమీటర్లు. పైకి చేరిన జెట్ విమానం గంటకు దాదాపు 850 కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే మూడు గంటలే. కానీ విమాన సంస్థలు చెప్పే సమయం ఇక్కడ గేటు వదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా మెల్లగా నడవడం, పైకి లేవడం, దిగేందుకు వంతు కోసం ఆగడం అన్నీ అందులోవే. పైగా చలికాలంలో ఆ ఎత్తున పడమటి గాలి బలంగా ఎదురొస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి రాక తొందరగా అవుతుంది. టిక్కెట్ మీది అంకెలు చూస్తే మాత్రం రాకే ఎక్కువసేపు అనిపిస్తుంది! చదువుకున్నవాళ్లే తడబడే లెక్క ఇది.

ఇంటి నుంచి లెక్కపెడితే? 2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు వెళ్లింది. కూకట్‌పల్లి నుంచి పుష్పక్ బస్సులో గంటకు పైనే. విదేశీ ప్రయాణమైతే మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. కరీంనగర్, జగిత్యాల నుంచి పనికోసం వెళ్లేవాళ్లకు శంషాబాద్ చేరడానికి పట్టే సమయం దాదాపు విమానంలో కూర్చునేంత. వాళ్లకు నాలుగు వేలు తక్కువని చెప్పి, మధ్యలో ఇంకో ఊళ్లో ఏడెనిమిది గంటలు కుర్చీలో కూర్చోబెట్టే టిక్కెట్ అంటగడతారు. ఆ ఎదురుచూపును డబ్బు కట్టే ముందే నోటితో చెప్పాలి. టిక్కెట్ మీద మొత్తం ప్రయాణ సమయం పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఉండాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు.

వచ్చే నెల అమ్మ మళ్లీ వెళుతోంది. ఈసారి గడియారం మార్చుకోవద్దని చెప్పాను. ఎన్నింటికి తినాలో, ఎన్నింటికి మాత్రో మన టైములోనే కాగితం మీద రాసి, రెండు బిస్కెట్ ప్యాకెట్లతో పాటు ఆమె చేతిసంచిలో పెట్టాను.