డేటాబేస్ వెర్షన్: ఏది వాయిదా వేయొచ్చు, ఏది వేయకూడదు?

"నడుస్తోంది కదా, డేటాబేస్ జోలికి వెళ్లొద్దు." సర్వర్లు చూసుకునే టీముల్లో తరచూ వినిపించే మాట ఇది. భయంలో తప్పు లేదు. వెబ్ సర్వర్ పాడైతే మళ్లీ వేసుకోవచ్చు, పోయిన డేటాను ఎక్కడి నుంచి తెస్తాం? కానీ ఆ భయం రెండు వేర్వేరు పనుల్ని ఒకే గాటన కట్టేస్తోంది. ఉన్న వెర్షన్‌లోనే వచ్చే చిన్న అప్‌డేట్ ఒక పని, ఒక వెర్షన్ నుంచి మరో వెర్షన్‌కి మారడం ఇంకో పని. మొదటిదాన్ని నాన్చకూడదు, రెండోదానికి తొందరపడకూడదు. చాలాచోట్ల మొదటిదే ఏళ్ల తరబడి ఆగిపోతోంది.

ఆగిపోతే ఏమవుతుందో 2003 జనవరిలో ప్రపంచం చూసింది. స్లామర్ అనే వర్మ్ (తనంతట తానే పాకే హానికర ప్రోగ్రామ్) మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని ఒక లోపాన్ని పట్టుకుని నిమిషాల్లో వేల మెషీన్లకు పాకింది. దాని సైజు 376 బైట్లు. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ ఆరు నెలల ముందే, 2002 జులైలోనే వచ్చేసింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో చిన్న అప్‌డేట్‌కీ వెర్షన్ మార్పుకీ తేడా నంబర్‌లోనే కనిపిస్తుంది. 2017లో వచ్చిన 10 నుంచి చుక్కకు ముందున్న సంఖ్య మేజర్ వెర్షన్, చుక్క తర్వాతది మైనర్, అంటే చిన్న అప్‌డేట్. మైనర్ అప్‌డేట్‌లో డిస్క్ మీది డేటా ఫార్మాట్ మారదు. ప్యాకేజీ మార్చి సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. అలాగని కళ్లు మూసుకుని చేయమనడం లేదు. 2024 నవంబర్‌లో 17.1 వచ్చాక కొన్ని ఎక్స్‌టెన్షన్లకు (అదనంగా తగిలించుకునే భాగాలకు) ఇబ్బంది ఎదురైంది, వారానికే 17.2 ఇవ్వాల్సి వచ్చింది. ముందు టెస్ట్ సర్వర్‌లో వేసి చూడాలి, అంతే. ఏడాదిపాటు పక్కన పెట్టడానికి అది కారణం కాదు.

మేజర్ వెర్షన్ సంగతి వేరు. ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ 14 నడుస్తున్న మెషీన్‌లోనే 16 ఇన్‌స్టాల్ చేశారనుకోండి. ఎర్రర్ ఏమీ రాదు. కానీ పాత డేటా 16లోకి వెళ్లదు. 14 ఎప్పటిలా 5432 పోర్టులో ఉంటుంది, పక్కనే 5433లో ఖాళీ 16 లేస్తుంది. కమాండ్‌లైన్‌లో పీఎస్‌క్యూఎల్ వెర్షన్ అడిగితే 16 అనే చెబుతుంది, ఎందుకంటే అది క్లయింట్ వెర్షన్, అంటే సర్వర్‌కి కనెక్ట్ అయ్యే టూల్‌ది. అప్లికేషన్ మాత్రం ఇంకా 14తోనే మాట్లాడుతుంటుంది. అందుకే నిజంగా నడుస్తున్నది ఏదో సర్వర్‌కి కనెక్ట్ అయి దాన్నే అడగాలి.

డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే టూల్) వాడేవాళ్లకు ఇంకో చిక్కు. ఇమేజ్ (కంటైనర్‌ని తయారుచేసే మూస) పేరు పక్కన 'లేటెస్ట్' అని రాసి వదిలేస్తే, కొత్త మేజర్ వచ్చాక ఒకరోజు కంటైనర్ లేవదు. డేటా ఫోల్డర్ పాత వెర్షన్‌ది, దీనికి సరిపడదని లాగ్‌లో ఉంటుంది. డేటాబేస్‌కి 'లేటెస్ట్' అని రాయడం నా దృష్టిలో నిర్ణయాన్ని ఎగ్గొట్టడమే. నంబర్ రాయాలి.

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో మరీ జాగ్రత్తగా ఉండాలి. 8.0 సిరీస్‌లో మూడో అంకె మారినప్పుడు కూడా కొత్త ఫీచర్లు వచ్చేవి, పైకి వెళ్లాక అదే డేటాతో కిందికి దిగే దారి ఉండేది కాదు. 5.7 నుంచి నేరుగా 8.4కి దూకడం కుదరదు, మధ్యలో 8.0 మీదుగానే వెళ్లాలి. 5.7లో గ్రూప్ బై (రికార్డుల్ని గుంపులుగా కట్టే ఆదేశం) రాస్తే ఫలితాలు వాటంతటవే వరుసలో వచ్చేవి. 8.0లో ఆర్డర్ బై (వరుస కోరే ఆదేశం) రాయకపోతే ఆ హామీ లేదు. 8.0లో 'ర్యాంక్' రిజర్వ్‌డ్ పదం (డేటాబేస్ తన కోసం అట్టిపెట్టుకున్నది), ఆ పేరుతో కాలమ్ ఉంటే సింటాక్స్ ఎర్రర్ వచ్చి వెంటనే బయటపడుతుంది. కానీ వరుస మారితే ఏ ఎర్రరూ రాదు, రిపోర్ట్ చూసిన మనిషి కనిపెట్టేదాకా ఎవరికీ తెలియదు. ఇలాంటివే నాకు ఎక్కువ టెన్షన్. మైఎస్‌క్యూఎల్ షెల్‌లో అప్‌గ్రేడ్ చెకర్ ఉంది, రిజర్వ్‌డ్ పదాల వంటివి చాలావరకు అదే పట్టిస్తుంది. మిగతావి అసలు క్వెరీలు నడిపి చూస్తేనే తేలతాయి.

అందుకే మేజర్ అప్‌గ్రేడ్‌కి రిహార్సల్ తప్పనిసరి. నిన్నటి బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి, అక్కడ మొత్తం ప్రక్రియ నడిపి, ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. బ్యాకప్ పనిచేస్తుందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది. పోస్ట్‌గ్రెస్ అప్‌గ్రేడ్ టూల్‌లో లింక్ మోడ్ ఉంది. ఫైళ్లను కాపీ చేయదు, పాతవాటినే కొత్త సర్వర్ కూడా వాడుకుంటుంది కాబట్టి పని త్వరగా అవుతుంది. కానీ కొత్త సర్వర్‌ని ఒక్కసారి స్టార్ట్ చేశాక పాతదాన్ని వాడకూడదు. ఎంత పెద్ద డేటాబేస్‌కైనా, వెనక్కి రావడానికి వేరే కాపీ చేతిలో లేకుండా ఆ మోడ్ ఎంచుకోవడాన్ని నేను ఒప్పుకోను.