రేవు కొండెక్కింది

మొన్న నాగార్జునసాగర్ డ్యామ్ నీళ్లలో మునిగిన లోయ మీదుగా నాగార్జునకొండకు లాంచీలో వెళ్తుంటే పక్క సీటు పెద్దమనిషి తేల్చేశారు: "ఊరు మునిగితే మునిగిందండీ, ముఖ్యమైనవన్నీ పైకి తెచ్చేశారుగా!" ఇల్లు మారినవాడు బీరువా వచ్చింది, కుక్కర్ వచ్చింది అని లెక్క చూసుకున్నంత నిశ్చింతగా.

ఆ ముఖ్యమైనవాటిలో ఒకటి స్నానాల రేవు. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురిలో కృష్ణ ఒడ్డున ఉండేది. నీళ్లలోకి దిగడానికే కట్టిన మెట్లు. అవి నీళ్లలో మునిగిపోతాయని రాయి రాయి విప్పి, కొండ మీద మళ్లీ పేర్చారు. చేప మునిగిపోతుందని ఒడ్డుకు లాగినట్టు! మా లాంచీలో వచ్చిన ఒక కుటుంబం పై మెట్టు మీద పులిహోర డబ్బా విప్పింది. తిన్నాక బుడ్డోడు చేయి కడుక్కోవడానికి గబగబా చివరి మెట్టు దాకా దిగాడు. అటూ ఇటూ చూసి, "అమ్మా, నీళ్లేవీ?" అన్నాడు. వాళ్లమ్మ పైనుంచి వాటర్ బాటిల్ పట్టుకెళ్లింది. 1700 ఏళ్ల నాటి రాచరేవులో ఆ పూట తడిసినవి అయిదు వేళ్లు. దీపం కొండెక్కిందంటే అర్థమేమిటో మీకు నేను చెప్పాలా? రేవూ అలాగే ఎక్కింది.

తవ్వినవాళ్లను అనడానికి మాత్రం నాకు నోరు రాదు. నెహ్రూ 1955 డిసెంబరు 10న సాగర్‌కు శంకుస్థాపన చేసేనాటికే పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం బృందం పారలతో లోయలో ఉంది. 1954 నుంచి 1960 దాకా, వెనకాల నీళ్లు తరుముకొస్తాయని తెలిసి, వందకు పైగా చోట్ల తవ్వారు. కొండ మీద తిరిగి కట్టినవి తొమ్మిది. మిగతావాటిలో చాలా మటుకు కొలతలు రాసుకుని, ఫొటోలు తీసుకుని, నీళ్లొదిలేశారు.

అయ్యా పెద్దమనిషీ, ఏది ముఖ్యమో తేల్చడానికి మీరెవరు? ఆ లోయలో దున్నుకు బతికినవాడి గడప ఎవరి లెక్కలో ఉంది? ఇప్పుడు పోలవరం ముంపులో కోయలు, కొండరెడ్లు ఇళ్లు ఖాళీ చేస్తున్నారు. వాళ్ల తాతను పాతిన చోటు ముఖ్యమా, కాదా? దాన్ని ఏ కొండ ఎక్కిస్తారు? సిగ్గుండాలి ఆ మాట అనడానికి!

ఇదంతా ఆయనతో అనలేదు. తిరుగు ప్రయాణంలో లాంచీ నడిమధ్యకొచ్చాక ఆయనే రెయిలింగ్ మీంచి వంగి చూసి అడిగారు: "ఇక్కడ లోతెంత ఉంటుందంటారు?"