బ్యాచ్ మారితే ఊరు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలా?

ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటల గట్టు పక్కన ఒక యానాది కాలనీ ఉంది. రెండేళ్ల కిందట సోషల్ వర్క్ పీజీ చదివే పిల్లలు నలుగురిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. ఫీల్డ్ వర్క్‌కి వాళ్లకది మొదటి రోజు. ఇంట్లో ఎంతమంది, రేషన్ కార్డు ఉందా, పిల్లలు బడికి పోతున్నారా అని ఒక అమ్మాయి అడుగుతుంటే ఇంటావిడ లోపలికి వెళ్లి, చూరులో దోపిన పాలిథిన్ కవరు తీసుకొచ్చింది. రేషన్ కార్డు జిరాక్సు, పిల్లాడి టీకాల కార్డు, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన నోటుబుక్కు కాగితం. దాని మీద ఒక పేరు, ఒక ఫోన్ నంబరు.

‘‘పోయినేడు మీ మాదిరే ఒక పిల్ల వచ్చింది గదమ్మా. మావోడికి ఆధార్ లేదంటే రాసుకునింది. వచ్చే వారం వస్తా, సచివాలయానికి పోదాం అనింది. ఈ నంబరు ఇచ్చి పోయింది. చేస్తే పలకడం లేదు’’ అంది.

నంబరు ఇచ్చిపోయిన ఆ అమ్మాయి నాకు తెలుసు. మాట తప్పే పిల్ల కాదు. సెమిస్టర్ మధ్యలో ఆమెను నెల్లూరులో ఒక వృద్ధాశ్రమానికి మార్చారు. తర్వాత పరీక్షలు, కోర్సు అయిపోవడం, ఉద్యోగం కోసం ఊరు దాటడం. ఆమె ఫీల్డ్ వర్క్ రికార్డులో ఆ పిల్లాడి ఆధార్ సంగతి వివరంగా రాసుంది. దానికి మార్కులూ పడ్డాయి. ఆ రికార్డు డిపార్ట్‌మెంటు బీరువాలోకి వెళ్లింది. తర్వాతి బ్యాచ్ వాళ్లు దాన్ని తెరిచి చూడలేదు, చూడమని మేమూ చెప్పలేదు.

అప్పటి నుంచి నా మనసులో ఒకటే తిరుగుతోంది. ఏ విద్యార్థిని ఎక్కడ వేయాలి అన్నది మన లెక్క. ఏ ఊరికి ఎన్నేళ్లు వెళ్తాం అన్నది ఎవరి లెక్కలోనూ లేదు. మన ఫీల్డ్ వర్క్ ఏర్పాటులో అసలు లోపం అక్కడుంది.

ఈ చదువులో ఫీల్డ్ వర్క్ అదనపు హంగు కాదు. దేశంలో మొదటి సోషల్ వర్క్ విద్యాసంస్థ 1936లో బొంబాయిలో మొదలైంది. ఇప్పటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అదే. నాగ్‌పాడా బస్తీలో నడిచే ఒక సేవా కేంద్రం పని నుంచే ఆ సంస్థ ఆలోచన పుట్టింది. బస్తీ ముందు, క్లాస్‌రూమ్ తర్వాత. ఆస్ట్రేలియాలో సోషల్ వర్క్ డిగ్రీ చేతికి రావాలంటే కనీసం 1000 గంటలు ఫీల్డులో ఉండాలి. మన దగ్గర మామూలుగా వారానికి 2 రోజులు. నర్సింగ్‌కి, న్యాయవిద్యకి ఉన్నట్టు సోషల్ వర్క్‌కి చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు కాబట్టి, ఆ 2 రోజులు ఎలా గడవాలో ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ, చివరికి ఏ కాలేజీకి ఆ కాలేజీ, శక్తి కొద్దీ సర్దుకుంటుంది.

ఆ సర్దుబాటు ఎలా జరుగుతుందో చెప్పాలి. కొత్త బ్యాచ్ చేరిన నెలలో ఒక టీచర్‌కి ఫీల్డ్ వర్క్ బాధ్యత అప్పగిస్తారు. చాలాచోట్ల అది గెస్ట్ ఫ్యాకల్టీ. క్లాసులు తగ్గవు, ఇది పైన పడుతుంది. పోయినేడు పర్మిషన్ ఇచ్చిన ఆఫీసర్ బదిలీ అయ్యుంటారు. కొత్తాయనకు మళ్లీ లెటర్, మళ్లీ ఫోన్లు. ఈలోగా విద్యార్థులు లైన్లో నిలబడతారు. ‘‘సార్, మా ఇంటికి దగ్గరగా వేయండి’’, ‘‘మేడమ్, సాయంత్రం అయిదు దాటితే మాకు బస్సు లేదు’’. పాపం, వాళ్లు అడగడంలో తప్పు లేదు. కానీ వారం తిరిగేసరికి ఏజెన్సీల, అంటే విద్యార్థుల్ని పంపే సంస్థల, జాబితా బస్సు రూటును బట్టి తయారవుతుంది. నెల్లూరు టౌను, కావలి, ఒంగోలు, హైవే పక్క ఊళ్లు నిండిపోతాయి. ఉదయగిరి వైపు ఒక్కరూ ఉండరు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు దెబ్బతిన్నవాళ్లున్న కనిగిరి పల్లెలకు ఎవరూ వెళ్లరు. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీల కుటుంబాలుండే చీమకుర్తి గ్రానైట్ క్వారీలు ఒంగోలుకి కూతవేటు దూరంలో ఉన్నా, అక్కడ మాట్లాడాల్సిన సంస్థ ఏదో తెలియక వదిలేస్తాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఛార్జీల సాకు సగం పోయింది. ఇప్పుడైనా రూట్లు తిరగరాయొచ్చు.

ఏజెన్సీ వైపు నుంచి కూడా చూడాలి. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రంలోనో, జిల్లా బాలల సంరక్షణ విభాగంలోనో ఒక ఉద్యోగికి అయిదుగురు విద్యార్థుల్ని అప్పగిస్తాం. ఆవిడకు అప్పటికే ఊపిరాడని పని ఉంటుంది. పిల్లల కేసులంటే మరీ జాగ్రత్త. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ బాలలెవరో బయటికి తెలియకూడదు. మనం ఒక్క మాట చెప్పకుండా పంపిన విద్యార్థి సెల్ఫీ తీసుకుని స్టేటస్ పెడితే చిక్కు ఆవిడ మెడకు చుట్టుకుంటుంది. అందుకే విద్యార్థుల్ని ఓ మూల కుర్చీలో కూర్చోబెట్టి ఫైళ్లకు నంబర్లు వేయిస్తారు. సాయంత్రం రికార్డులో సంతకం. ఆవిడను తప్పుపట్టే హక్కు మనకు లేదు. విద్యార్థులకు నేర్పినందుకు ఆవిడకు మనం ఇచ్చేది ఏమీ లేదు. ఒక రోజు శిక్షణ లేదు, గౌరవ వేతనం లేదు, కనీసం సూపర్‌వైజర్ అని ఒక ఉత్తర్వు కూడా లేదు.

దీనికి తోడు డిగ్రీ విద్యార్థుల తాకిడి. 2020-21 నుంచి రాష్ట్రంలో డిగ్రీకి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అందులో మొదటి ఏడాది చివర చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి 180 గంటలు. ఉద్దేశం మంచిదే. కానీ ఒకే ఊరికి మూడు కాలేజీల పిల్లలు వేసవిలో ఒకే రకం ప్రశ్నలు పట్టుకుని వెళ్తున్నారు. ఏ కాలేజీ ఏ ఊళ్లో ఉందో జిల్లా మొత్తానికి ఒక చోట రాసిపెట్టే మనిషి ఉంటే సగం అవస్థ తప్పుతుంది. అది పెద్ద ఖర్చు కాదు.

ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్తే ఏం జరుగుతుందో నెల్లూరు జిల్లావాళ్లకు ఎవరో చెప్పక్కర్లేదు. కలిగిరి మండలం దూబగుంటలో సాక్షరతా ఉద్యమం రాత్రి బడులు నడిపింది. రాత్రి తర్వాత రాత్రి అదే పలకల ముందు కూర్చున్న ఆడవాళ్లు అక్షరాలతో మొదలుపెట్టి సారా దుకాణం దాకా మాట్లాడారు. రోశమ్మ లాంటివాళ్లు ముందుకొచ్చారు. 1992లో వాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం జిల్లాను, ఆ తర్వాత రాష్ట్రాన్ని కదిలించింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఒక రోజు సర్వే చేసి వెళ్లిపోయిన బృందంతో ఆ ఆడవాళ్లు అన్ని మాటలు చెప్పుకునేవాళ్లా? నాకు నమ్మకం లేదు.

విద్యార్థి రకరకాల చోట్లు చూడాలి కదా, ఒకే ఊరికి కట్టేస్తే ఎలా అని సహోద్యోగులు అడుగుతారు. నిజమే, విద్యార్థి మారాలి. ఒక సెమిస్టర్ కాలనీలో, ఇంకో సెమిస్టర్ ఆసుపత్రిలో, మరొకటి ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రంలో చేయొచ్చు. కాలేజీ మాత్రం ఆ కాలనీని వదలకూడదు. పేర్ల గోప్యత చూసుకుంటూ, ఎక్కడిదాకా పని వచ్చిందో రాసిన పుస్తకం ఒక బ్యాచ్ చేతి నుంచి ఇంకో బ్యాచ్ చేతికి అందాలి. కొత్తవాళ్లు మొదటిసారి వెళ్లే రోజు పాతవాళ్లలో ఇద్దరు వెంట ఉండాలి. ఇవన్నీ చూసే టీచర్‌కి ఆ గంటలు వర్క్‌లోడ్‌లో లెక్కపెట్టాలి. అది జరగనంత కాలం మిగతావన్నీ మంచి మాటలే.

ఆధార్ పిల్లాడి సంగతి చెప్పాలి. వాడు ఇంట్లో పుట్టాడు, జనన నమోదు లేదు. ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు నమోదు చేయించాలంటే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. దానికి ముందు సచివాలయంలో అర్జీ, ఏఎన్ఎం దగ్గర కాగితం, విచారణ. ఎంత గట్టిగా తిరిగినా ఒక సెమిస్టర్‌లో తేలే పని కాదు. మా నలుగురు అర్జీ పెట్టించి, విచారణ దాకా తెచ్చారు. తర్వాతి బ్యాచ్‌ని పట్టుబట్టి అదే కాలనీకి వేయించాను. ఉత్తర్వు వాళ్ల కాలంలో వచ్చింది. ఆధార్ నమోదు ఇప్పుడు మూడో బ్యాచ్ చేతిలో ఉంది. ఫీల్డ్ వర్క్ కోసమని డిపార్ట్‌మెంటు పేరున ఒక సిమ్ తీసుకున్నాం. టీచర్ మారినా, బ్యాచ్ మారినా నంబరు మారదు. ఆవిడ చూరులోని కవర్లో ఇప్పుడున్నది ఆ నంబరే.