వీసా మీద ఉన్నప్పుడు హక్కుల్లేవంటాం, పాస్‌పోర్ట్ వచ్చాక తీరిక లేదంటాం

అమెరికా పౌరసత్వ పరీక్షకు మనవాళ్లు ఎంసెట్‌కు చదివినట్టు చదువుతారు. ఇప్పుడు దరఖాస్తు చేస్తున్నవాళ్లకు మొత్తం 128 ప్రశ్నలు. ఆఫీసర్ 20 దాకా అడుగుతారు, 12 చెబితే పాస్. కారులో ఆడియో పెట్టుకుని వింటారు, పిల్లలకు కాగితం ఇచ్చి అప్పజెబుతారు. ప్రభుత్వంలో మూడు శాఖలేవి? రాజ్యాంగానికి ఎన్ని సవరణలు? టకటకా చెప్పేస్తారు. ప్రమాణం చేసి, చిన్న జెండా పట్టుకుని ఫొటో దిగి ఇంటికొచ్చాక ఇక ఆ విషయాలతో పని అయిపోయినట్టే. ఈ తీరు మీద నాకు చాలా రోజులుగా కోపం ఉంది.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకే వారంలో రెండు రకాల మెసేజ్‌లు చూస్తుంటాను. ఒకటి ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్న పిల్లల నుంచి. "అన్నా, ఎవరో ఆఫీసర్లు అపార్ట్‌మెంట్‌కి వచ్చి అడుగుతున్నారు, ఏం చెయ్యాలి?" దానికి జవాబులు: "పరాయి దేశంలో ఉన్నాం తమ్ముడూ, మనకేం హక్కులుంటాయి? అడిగిందల్లా చెప్పు, సంతకం పెట్టమంటే పెట్టెయ్." రెండోది పౌరసత్వం వచ్చిన పెద్దమనుషుల నుంచి, కోర్టులో కేసు విని దోషా కాదా తేల్చే మామూలు పౌరుల బృందంలో, అంటే జ్యూరీలో, కూర్చోమని పిలుపొచ్చినప్పుడు. "జ్యూరీ డ్యూటీ లెటర్ వచ్చింది, ఎగ్గొట్టే ఐడియా చెప్పండి." దానికి జవాబు: "ఇంగ్లిష్ సరిగ్గా రాదని చెప్పు బ్రో." అడిగినాయన రోజంతా ఇంగ్లిష్‌లోనే క్లయింట్ మీటింగులు నడిపే మనిషి!

రెండూ తప్పే. రాజ్యాంగం ఇచ్చే రక్షణల్లో చాలావరకు పాస్‌పోర్ట్ రంగు చూడవు. పౌరసత్వంతో కొత్తగా వచ్చేవి ముఖ్యంగా ఓటు, జ్యూరీ. మనం ఉన్న హక్కును లేదనుకుంటున్నాం, మీద పడ్డ బాధ్యతను వదిలించుకుంటున్నాం.

ఈ రక్షణలు మనకు అప్పనంగా వచ్చినవి కావు. శాన్‌ఫ్రాన్సిస్కోలో యిక్ వో అనే పేరుతో ఒక చైనీయుడు లాండ్రీ నడిపేవాడు. చెక్క కట్టడాల్లో లాండ్రీ పెట్టాలంటే పర్మిషన్ తీసుకోవాలని నగరం చట్టం చేసింది. చదివితే అందులో తప్పేం కనబడదు, అగ్నిప్రమాదాల భయం కదా అనిపిస్తుంది. అమలు దగ్గరకొచ్చేసరికి దాదాపు 200 మంది చైనీయులకు పర్మిషన్ ఇవ్వలేదు, మిగతావాళ్లలో ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. పర్మిషన్ లేకుండా లాండ్రీ నడిపినందుకు వేసిన పది డాలర్ల జరిమానా అతను కట్టనన్నాడు, జైలుకెళ్లాడు, సుప్రీంకోర్టు దాకా పోయాడు. 1886లో కోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది: 14వ సవరణలోని సమాన రక్షణ పౌరులకే పరిమితం కాదు, ఆ గడ్డ మీదున్న ప్రతి మనిషికీ వర్తిస్తుంది. చైనీయులకు పౌరసత్వం ఇవ్వకూడదని చట్టమే ఉన్న రోజుల్లో వచ్చిన తీర్పు ఇది!

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే జగదీశ్ రాయ్ చడ్డా. కెన్యాలో పుట్టిన భారతీయుడు, 1966లో స్టూడెంట్ వీసా మీద వచ్చాడు. 1972లో వీసా అయిపోయింది. డిపోర్ట్ చేయబోతే ఇమిగ్రేషన్ జడ్జి 1974లో అతని పరిస్థితి చూసి ఆపారు. అప్పటి చట్టం ప్రకారం పార్లమెంటులో ఒక్క సభ తలుచుకున్నా ఆ నిర్ణయాన్ని కొట్టేయొచ్చు. 1975 డిసెంబర్‌లో ప్రతినిధుల సభ అదే చేసింది. చర్చ లేదు, ఎవరు ఎటు ఓటేశారో లెక్క లేదు. రెండు సభలూ ఒప్పుకుని, అధ్యక్షుడి ముందుకు వెళ్తే కదా చట్టమయ్యేది, ఒక సభ ఒంటరిగా నా బతుకు ఎలా తేలుస్తుందని అతను కోర్టులో నిలబడ్డాడు. 1983లో సుప్రీంకోర్టు 7-2తో అతని పక్షాన తీర్పిచ్చింది. ఆ దెబ్బకు దాదాపు 200 చట్టాల్లో ఉన్న అలాంటి నిబంధనలు చెల్లకుండా పోయాయి. మనం బట్టీ పట్టే "మూడు శాఖలు" (చట్టసభ, అధ్యక్షుడు, కోర్టులు) అంటే ఇదీ! వీసా గడువు దాటిన ఒక విద్యార్థి అమెరికా చట్టసభను దాని గీతలోకి నెట్టాడు. పరీక్ష కాగితంలో ఈ కథ ఉండదు, అందుకే రాస్తున్నాను.

మన తెలుగు పిల్లల సంగతే తీసుకోండి. 2019 జనవరి మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం గుర్తుండే ఉంటుంది. వీసా మోసాలు పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ. వందమందికి పైగా మనదేశపు విద్యార్థులను పట్టుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. తెలిసే చేరారా, మోసపోయారా అన్న వాదనలోకి నేను వెళ్లను. అక్కడ చేరిన ఒక విద్యార్థి మాత్రం ఫీజు తీసుకుని చదువు చెప్పలేదు కదా అని అమెరికా ప్రభుత్వం మీదే దావా వేశాడు. కింది కోర్టు కొట్టేస్తే, 2024లో అప్పీళ్ల కోర్టు ఆ కేసు నడవాల్సిందేనంది. 2025లోనూ చూశాం. తాత్కాలిక వీసాల మీదున్నవాళ్లకు పుట్టే పిల్లలకు పౌరసత్వం ఉండదని జనవరి 20న అధ్యక్షుడు ఆర్డర్ మీద సంతకం పెడితే, మూడో రోజుకల్లా సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఆపారు. నెలలు నిండుతున్న ఆడపిల్లలున్న ఇళ్లలో ఆ మూడు రోజుల టెన్షన్ ఎలా ఉందో నాకు తెలుసు.

ఇక జ్యూరీ. కొన్నేళ్ల క్రితం టెక్సాస్‌లో ఒక కౌంటీ కోర్టులో నేను కూర్చున్నాను. తాగి బండి నడిపాడన్న కేసు. ఇలాంటివాటికి అక్కడ జ్యూరీలో ఆరుగురు, పెద్ద నేరాలకు పన్నెండు మంది. జ్యూరీని ఎంచుకునేటప్పుడు డిఫెన్స్ లాయర్ ఒక ప్రశ్న అడిగారు: "నా క్లయింట్ నోరు విప్పకుండా కూర్చుంటే, ఏదో దాస్తున్నాడని మీలో ఎవరికనిపిస్తుంది?" గదిలో చాలా చేతులు లేచాయి. ఆమె ఎవరినీ తప్పుపట్టలేదు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, మౌనంగా ఉండడం అతని హక్కని జడ్జి చెబితే ఆ అనుమానం పక్కన పెట్టగలరా అని అడిగారు. పెట్టలేమన్నవాళ్లను పంపేశారు. మౌనంగా ఉండే హక్కునిచ్చే అయిదో సవరణ ఎలా పనిచేస్తుందో నేను కళ్లారా చూసింది ఆ రోజే.

తర్వాత ఆరుగురం గదిలో కూర్చుని పోలీసు కారు వీడియో మళ్లీ మళ్లీ చూశాం. అతను గీత మీద నడుస్తూ తూలాడు. మాలో ఒకావిడ నర్సు. అతను ప్రతిసారీ ఎడమకాలు మోపేటప్పుడే తూలుతున్నాడని ఆమె గమనించింది. మోకాలి నొప్పో, మందు ప్రభావమో మాకు తేలలేదు. తేలకపోతే శిక్ష వేయకూడదు, నిర్దోషి అన్నాం. ప్రభుత్వం వైపు పోలీసులున్నారు, ల్యాబులున్నాయి, లాయర్లున్నారు. ఇంత బలగం ఉండి కూడా ఒక మనిషిని జైలుకు పంపాలంటే ముందు ఆరుగురు మామూలు మనుషులను ఒప్పించాలి.

ఇలాంటి కుర్చీని ఎగ్గొట్టడానికి మనం ఐడియాలు వెతుకుతున్నాం! రేపు ఆ బోనులో మన పిల్లాడే ఉంటే? మన యాస, మన తల ఊపే తీరు, పెద్దవాళ్ల ముందు కళ్లు దించుకునే అలవాటు తెలిసినవాళ్లు ఒక్కరైనా జ్యూరీలో ఉండొద్దా? జాతిని బట్టి జ్యూరర్లను తీసేయకూడదని సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. మనమే వెళ్లకపోతే ఆ తీర్పుతో ఎవరికి ఉపయోగం? ఆఫీసులో ఉద్యోగం పోతుందన్న భయం అక్కర్లేదు, జ్యూరీకి వెళ్లినందుకు తీసేయడం చట్టరీత్యా కుదరదు. డబ్బు తక్కువే, ఫెడరల్ కోర్టులో రోజుకు 50 డాలర్లు. అయినా వెళ్లండి.

పిల్లలకు కూడా ఒక మాట. పోలీసులు ప్రశ్నిస్తే లాయర్ కావాలని అడగొచ్చు. ఇల్లు వెతుకుతామంటే జడ్జి సంతకం ఉన్న వారెంట్ చూపించమనొచ్చు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. అబద్ధం మాత్రం ఆడకండి. ఫెడరల్ ఆఫీసర్లతో అబద్ధమాడితే అదే ఒక నేరమవుతుంది. ఎయిర్‌పోర్టులో దేశంలోకి అడుగుపెట్టే చోట ఈ రక్షణలు బాగా పలచబడతాయి, అదీ తెలుసుకుని ఉండండి.

మన సంఘాలు ట్యాక్స్ మీద, గ్రీన్ కార్డ్ మీద, రిటైర్మెంట్ పొదుపు మీద సెమినార్లు పెడుతున్నాయి, మంచిదే. ఈ దీపావళి లోపు ప్రతి ఊళ్లో ఒక శనివారం సాయంత్రం ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని, ఒక క్రిమినల్ లాయర్‌ని పిలిచి, కొత్తగా వచ్చిన పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టండి. హాలు అద్దెలో నా వాటా నేనిస్తాను. మా డాలస్ వైపు ఎవరైనా ముందుకొస్తే కామెంట్‌లో చెప్పండి, పనులు పంచుకుందాం.